ఎటూ మొగ్గని బూడిద రంగు

దాదర్, బొంబాయి
12-9-1983

అక్కకు దండాలు.

ఈ ఉత్తరం వెనకాలే రిజిస్టర్ పోస్టులో ఒక అట్టపెట్టె వస్తుంది. నెమ్మదిగా విప్పు, కత్తెర లోపలికి పోనియ్యకు. అందులో బావ ఉన్నాడు.

నిరుడు కార్తీకంలో మనం ముగ్గురం పాలంపేట పోయినప్పుడు, వరి మడి గట్టు మీద బావ కాళ్ళు చాపుకొని కూర్చుంటే తీసిన ఫొటో అది. అప్పుడే చిన్న సైజు ప్రింట్లు పంపాను, యాదికున్నదా? "నన్ను దొరను చేసినవ్ గదరా బామ్మర్దీ" అని నీతో కార్డు రాయించాడు బావ. అదే ఫొటోను ఇప్పుడు గోడకు తగిలించేంత పెద్దగా చేశాను. కామెర్లు బయటపడ్డ రెండు నెలలకే మనిషిని ఎత్తుకపోతాయని ఎవరనుకున్నారు? నేను రైలు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది, ఆఖరు చూపు కూడా దక్కలేదు. అందుకే దీన్ని ల్యాబులో ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.

మా చీకటి గది సంగతి నీకు ఎన్నడూ చెప్పలేదు. నలుపు తెలుపు ఫొటోలకైతే గదిలో ఎర్ర దీపం ఉంచుకోవచ్చు. రంగు కాగితానికి అది కూడా పనికిరాదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. అందులో నిలబడి ఉంటే కాసేపటికి నా చేతులు ఎక్కడున్నాయో నాకే తెలియదు, బొంబాయి ఉన్నదో లేదో తెలియదు. అప్పుడు దీపం ఒక్క క్షణం వెలిగిస్తాం. నెగెటివ్ గుండా వెలుగు కాగితం మీద పడుతుంది. ఆ వెలుగుకు అడ్డంగా రంగు గాజు పలకలు పెడతాం. లెక్క మాత్రం తలకిందులు. ఫొటోలో పసుపు ఎక్కువైతే దీపం ముందు పసుపు గాజే పెట్టాలి, అప్పుడు తగ్గుతుంది. ఎన్ని గాజులు పెట్టాలో చెప్పే యంత్రం కొన్నారు గానీ నేను దాని మొహం చూడను. పదేండ్లుగా ఇక్కడ రంగు చూసేది నేనే. నా కన్ను ఒప్పుకుంటేనే ఫొటో బయటికి పోతుంది.

బావ ముఖం మాత్రం నన్ను సతాయించింది. ఎన్నిసార్లు చేసినా పచ్చగా వస్తుంది. పసుపు తీసిన, మళ్ళీ తీసిన. పదకొండోసారికి కుదిరింది. ఆరబెట్టిన కాగితం పట్టుకొని బావతో కాసేపు మాట్లాడిన అక్కా, నవ్వకు.

ఎట్లుందో రాయి. వేరేవాళ్ళు ఏమన్నా నాకు అక్కర్లేదు. నలభై ఏండ్లు నూలుకు రంగు వేసిన మనిషివి నువ్వు.

నీ తమ్ముడు
వెంకటరాజం

*

కొత్తవాడ, వరంగల్
30-9-1983

తమ్ముడు వెంకటరాజానికి దీవెనలు.

పెట్టె క్షేమంగా అందింది. పోస్టుమాను సంతకం పెట్టమంటే నా చేతులు నీలి రంగులో ఉన్నాయి, ఆయన కాగితం మీద నా బొటనవేలు పడ్డది.

ఫొటో బాగుంది. చాలా బాగుంది. పదకొండుసార్లు చేశానన్నావు, ఆ కష్టం కనబడుతున్నది. కండువా మీది మడతలు కూడా లెక్కపెట్టొచ్చు. పటం కట్టించడానికి ఇచ్చాను.

మీ బావ పోయినాక కార్ఖానా మూస్తానని అందరూ అనుకున్నారు. మూయలేదు. గంగాళాల దగ్గర నేనే నిలబడుతున్నా. జంపఖానాల సొసైటీ వాళ్ళు ఎర్ర నూలు, ఆకుపచ్చ నూలు అడిగారు. పనికి నలుగురు ఆడవాళ్ళున్నారు. వాన వదలడం లేదు, ఆరేసిన నూలు మూడు రోజులైనా తడి పోదు. మా తోటికోడలు సమ్మమ్మ అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటుంది. షోలాపూర్ నుంచి బిడ్డ లింగమ్మ ఉత్తరం రాసింది, తల్లి ఒక్కతే ఉంటున్నదని ఏడ్చింది. ఏడవొద్దని రాశాను.

నువ్వు వేళకు తింటున్నావా? మెస్సు తిండి మానుకొని బియ్యం వండుకో. నీ రాత ఈమధ్య పెద్ద పెద్దగా వస్తున్నది, కాగితం ఊరికే అయిపోతున్నది.

అక్క
అనసూర్య

*

దాదర్
5-12-1983

అక్కా,

నీ కార్డు చూసినాక నాకు వారం రోజులు అన్నం సహించింది. బాగుందన్నావు కదా, అది చాలు.

ఇక్కడ ఒక పంచాయితీ నడుస్తున్నది. ల్యాబులో యాదగిరి అని హుజూరాబాద్ మనిషి చేరాడు. ముప్పై ఏండ్లుంటాయి, మాట మెత్తన. మొన్న ఒక పెండ్లి ఆల్బం తిరిగొచ్చింది. పెండ్లికూతురు చలికి వణికినట్టున్నదని వాళ్ళ నాయన గొడవ. యాదగిరి నా పక్కకొచ్చి, "అన్నా, జర బులుగు కొడ్తాంది" అన్నాడు, ఎవరికీ వినపడకుండా. నాకు ఎంత కోపం వచ్చిందో! నీ కార్డు జేబులోనే ఉంది. తీసి చూపించిన. మా అక్క రంగుల మనిషి, ఆమె కంటే నీకు ఎక్కువ తెలుసా అన్న.

అసలు తప్పు కరెంటు బుగ్గలది. ఫొటోలు చూసే బల్ల మీద దీపం పచ్చబడ్డది. మూడుసార్లు మార్పించిన, మూడుసార్లూ దుకాణం వాడు నాసి సరుకే అంటగట్టాడు. బొంబాయిలో ఆకాశం కూడా ఈ ఏడు చాయ్ నీళ్ళ తీరుగా ఉంటున్నది. సముద్రం మీద పొగమంచు కావచ్చు.

ఒక పని చేసిపెట్టాలి. ఎటూ మొగ్గని బూడిద రంగు నూలు కావాలి. ఎరుపుకు మొగ్గొద్దు, పచ్చకు మొగ్గొద్దు, నీలికి మొగ్గొద్దు. రోజూ పొద్దున దాన్ని ఫొటో తీసి ప్రింటు వేసి, నూలు పక్కన పెట్టి చూస్తాం. ప్రింటు నూలులాగే వస్తే ఆ రోజు దీపం, మందు, కాగితం అన్నీ సరిగ్గా ఉన్నట్టు. దీనికోసం కొన్న బూడిద రంగు అట్ట వానకు పాడైపోయింది. నువ్వు వేసే బూడిద కంటే సరైనది ఏ కంపెనీ చేస్తుంది?

వెంకటరాజం

*

కొత్తవాడ
20-1-1984

తమ్మీ,

ఎర్ర నూలు అడిగితే ఒక పూటలో ఇచ్చేదాన్ని. బూడిద అడిగి నా నెల తిన్నావు.

దుకాణంలో దొరికే నలుపు నిజం నలుపు కాదు. పలచగా వేస్తే ఒకటి వంకాయ చాయకు పోతుంది, ఇంకొకటి బురద పచ్చకు పోతుంది. వంకాయకు పోయినదానికి చిటికెడు ఆకుపచ్చ, అది ఎక్కువైతే చిటికెడు ఎరుపు. ఇట్లా గంగాళం చుట్టూ తిరిగాను. మొదట్లో విసుగు పుట్టింది. తర్వాత ఏమైందో, దాని మీదే మనసు పడ్డది. పొద్దున లేవగానే నూలు దగ్గరికే పోయేదాన్ని. ఉత్తరపు వాకిట్లో, ఎండ తగలని చోట, తెల్ల నూలు పక్కన పెట్టి చూడాలి. తొమ్మిది గంటలకు సరిపోయిందనుకున్నది పదకొండింటికి నీలికి మొగ్గేది. అప్పుడు మళ్ళీ గంగాళం. ఒకనాడు చూసినకొద్దీ అందులో ఏ రంగూ కనబడలేదు. వాన పడబోయే ముందు వాకిలి ఎట్లుంటుందో అట్లుంది. పనోళ్ళను పిలిచి చూపిస్తే, "ఇందుల ఏమున్నది పెద్దమ్మా" అని నవ్వారు. ఏమీ లేదనే కదా నా సంతోషం.

మూడు చిలపల నూలు చుట్టి పంపుతున్నాను. నూలు నల్ల గుడ్డలోనే ఉంచు, పని ఉన్నప్పుడే తీయి. నాలుగో చిలప నా దగ్గరే ఉంచుకున్నా.

మూడుసార్లు బుగ్గ మార్చినా పచ్చగానే ఉందన్నావు. యాదగిరికి కూడా పచ్చగా కనబడుతున్నదా? అడిగి రాయి.

అనసూర్య

*

దాదర్
3-3-1984

అక్కా,

చిలపలు అందాయి. రాయాలంటే చెయ్యి రావడం లేదు గానీ నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్న. నీ బూడిద పచ్చకు మొగ్గింది. కొంచెం కాదు, బాగా. ఎండిన మట్టి రంగులో ఉంది.

బావ పోయిన దుఃఖంలో నీ చేయి తప్పి ఉంటుంది, లేకుంటే గంగాళం సరిగ్గా కడిగి ఉండరు. నేనేమీ అనుకోను. కానీ యాదగిరి ఊరుకోలేదు. నీ నూలును ఆ యంత్రం కింద పెట్టాడు. మూడు రంగులకూ అంకె ఒక్కటే వచ్చింది, అంటే ఎటూ మొగ్గలేదని. "అన్నా, అక్క తప్పు చెయ్యలే. గిసొంటి బూడిద నేను కంపెనీ అట్టల సుత చూడలే" అని యజమాని ముందు అన్నాడు. యంత్రం చెడిపోయిందని నేనన్న. యజమాని నా దిక్కు, నూలు దిక్కు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

జూన్ దాకా చూస్తానన్నాడు. ఫొటోలు తిరిగి రావడం ఆగకపోతే రంగు చూసే కుర్చీ యాదగిరికి, నాకు కౌంటర్ మీద రసీదులు. పదేండ్ల తర్వాత రసీదులు రాయాలా నేను? యజమానికి కూడా నీ కార్డు చూపించిన. ఆయనకు తెలుగు రాదు, చదివి హిందీలో చెప్పిన. ఇప్పుడు నాకు నీ మాట ఒక్కటే ఆధారం.

ఇంకొకసారి వేసి పంపు. ఈసారి సరిగ్గా చూడు.

వెంకటరాజం

*

కొత్తవాడ
29-4-1984

తమ్మీ వెంకటరాజం,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది.

ముందు ఒక ముచ్చట చెప్తాను. మా గల్లీలో నూలు వ్యాపారం చేసే రాజేశ్వర్ రావు రంగుల టీవీ కొన్నాడు. గల్లీ అంతా వాళ్ళింట్లోనే. బొమ్మలో మనుషులంతా బీట్‌రూట్ తిని మూతి తుడుచుకోనట్టున్నారు. వార్తలు చదివే ఆమె ముఖం ఎరుపు, వెనక గోడ ఆకుపచ్చ. ఆయన బిరడా అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, ఇంకా చెడిపోతున్నది. ఆఖరికి, రంగుల పని చేసే అనసూర్యమ్మను పిలవండి అన్నారు. నేను టీవీని తాకడం అదే మొదలు. రంగు బిరడా పూర్తిగా తగ్గించాను. బొమ్మ నలుపు తెలుపు అయింది. అందరూ లొల్లి. ఆయన భార్య, "వదినా, అంత సొమ్ము పోసి కొన్నది నల్లగ చేస్తివి గదా" అన్నది. నేను నా నాలుగో చిలప తెప్పించి టీవీ పక్కన పట్టుకున్నాను. బొమ్మలో బూడిద, నా నూలు బూడిద ఒక్కతీరు అయ్యేదాకా వెలుతురు బిరడాలు తిప్పాను. ఆ తర్వాతే రంగు కొంచెం కొంచెం పోశాను. వార్తల ఆమె మనిషి రంగులోకి వచ్చింది. గల్లీ వాళ్ళంతా మెచ్చుకున్నారు, చాయ్ పోశారు.

ఇంటికొచ్చి నేను ఒక పని చేశాను. ఏడేండ్లుగా నువ్వు పంపిన రంగు ఫొటోలన్నీ పెట్టెలోంచి తీశాను. లింగమ్మ పెండ్లివి, మీ ల్యాబు ముందు తీసుకున్నవి, సముద్రానివి, పాలంపేటవి. ఉత్తరపు వాకిట్లో చాప మీద తారీఖుల వరసన పేర్చాను. నూలు ఒక్కొక్కదాని పక్కన పెడుతూ పోయాను. మొదటి ఫొటోల్లో అంగీ తెలుపు తెల్లగానే ఉంది. నాలుగో ఏడు నుంచి కొంచెం నీలి. తర్వాత ఇంకొంచెం. మీ బావ పెద్ద ఫొటోకు వచ్చేసరికి ధోవతి కూడా నీలిమందులో ముంచినట్టుంది. చాప మీద వంగి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచేసరికి మోకాళ్ళు పట్టుకున్నాయి.

మా మామ లక్ష్మీనర్సయ్య నీకు తెలుసు. ముసలితనంలో నూలు తెల్లగా చేసే పని ఆయనదే. ఆఖరు రెండేండ్లు నీలిమందు పోస్తూనే ఉండేవాడు. "నూలు పచ్చగ ఉన్నది, ఇంకింత పొయ్యి" అనేవాడు. నూలేమో ఆకాశం రంగులో ఉండేది. రంగుల ఇండ్లలో ఇది అందరికీ తెలిసిందే. గంగాళంలో నీలి ఎక్కువైతే ముసలాయన కంట్లో మోతిబిందు వచ్చిందని అర్థం. మనిషికి తెలియకముందే నూలు చెప్తుంది. కంటి మీద పచ్చటి పొర కమ్ముతుంది, లోకమంతా పచ్చగా కనబడుతుంది, ఆ పచ్చ తీయాలని చేయి ఉరుకుతుంది. దవాఖానకు తీసుకపోయి ఆపరేషన్ చేయించాం.

నా బూడిద తప్పు కాదు తమ్మీ. బుగ్గలు తప్పు కాదు. బొంబాయి ఆకాశం తప్పు కాదు.

ఇక నా తప్పు చెప్తాను. నీ పెద్ద ఫొటో బాగుందని రాశాను కదా. అబద్ధం. పెట్టె విప్పగానే మళ్ళీ మూసేశాను. పాడె మీద పడుకోబెట్టినప్పుడు ఎట్లున్నాడో అట్లున్నాడు, కళ్ళు మాత్రం తెరిచి. సమ్మమ్మ చూసి, "గిదేందక్కా, బావ గిట్లున్నడు" అని బయటికి పోయింది. పటం కట్టించలేదు. ట్రంకులో బట్టల కింద బోర్లా పెట్టాను. నువ్వు పదకొండుసార్లు చేశావు, ఏడ్చుకుంటూ చేశావు. బాగలేదని ఎట్లా రాయను? ఆ ఒక్క మాట పట్టుకొని నువ్వు అందరితో కొట్లాడుతున్నావని తెలిసినాక నాకు నిద్ర లేదు. నా కార్డు చింపెయ్యి. యజమానికి నిజం చెప్పు, కన్ను చూపించుకో.

ఆషాఢంలో మీ బావ సంవత్సరీకం. అప్పటికి గోడ మీద ఆయన ఆయనలాగ ఉండాలి. నాకు కావాల్సింది అంతే.

అనసూర్య

*

దాదర్
20-5-1984

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు. కోపం నీ మీద కాదు. మొదట నీ మీదే అనుకున్న, తర్వాత కాదని తెలిసింది.

నాకు ఏడాదిగా తెలుసు. తెలుసు అంటే, తెలుసుకోకుండా తప్పించుకు తిరిగిన. గాజుల రంగు చూసి కాదు, అంచు మీది అంకె తడిమి పెడుతున్న. లోకల్ రైలు బోర్డు దగ్గరికొచ్చేదాకా కనబడదు. చీకటి గది మాత్రం హాయిగా ఉండేది, అక్కడ ఎవరికీ ఏమీ కనబడదు కదా. పని లేకున్నా లోపలికి పోయి నిలబడేవాణ్ణి. నాకు యాభై రెండేండ్లు. నా దగ్గర ఉన్న విద్య ఈ కన్ను ఒక్కటే. అది పోతే నేనెవరిని? ఈ భయం ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

డాక్టర్ దగ్గరికి పోయిన. రెండు కండ్లకూ పొర ఉంది. కుడి కంటి పొర పండినాక, అక్టోబర్‌లో కోస్తానన్నాడు. అంటే ఆషాఢానికి బావ ఫొటో నా చేతి మీదుగా కాదు.

నిన్న నెగెటివ్ యాదగిరికి ఇచ్చిన. ఇస్తుంటే ప్రాణం పోయినట్టయింది. నెగెటివ్‌లో అన్నీ ఉన్నట్టే ఉంటాయి అక్కా, చెడగొట్టింది నేను. అతను ఒక్క మాట ఎక్కువ అనలేదు. "అన్నా, నువ్వు పక్కకు నిలవడు. బావ ఎట్లుంటడో చెప్పు, నేను చేస్త" అన్నాడు. చీకట్లో ఇద్దరం నిలబడ్డాం. చామనఛాయ అన్న. నానబెట్టిన చింతగింజ మీది పొర రంగు అన్న. ధోవతి మాత్రం తెల్లగా రావాలి, అది గంజి పెట్టిన కొత్త ధోవతి అన్న. అతను ముందుగా ధోవతిని నీ నూలుతో, యంత్రంతో సరిచూసి కుదిర్చాడు. తర్వాత నన్ను అడగలేదు. ముఖం దానంతట అదే వస్తుందన్నాడు.

వచ్చింది. నాకు ఇంకా పచ్చగానే కనబడుతున్నది. ఈసారి నా కన్ను మాట వినలేదు. అట్లనే పంపుతున్న.

వెంకటరాజం

*

కొత్తవాడ
1-8-1984

తమ్మీ,

సంవత్సరీకం అయిపోయింది. ఫొటో అంతకు పది రోజుల ముందే వచ్చింది. ఆయనే. వాకిట్లో కూర్చొని పిలిస్తే పలికేటట్టున్నాడు. ధోవతి అంచు మీద ఎండ పడ్డది తెలుస్తున్నది, వెనక వరి మడి పచ్చగా ఉంది. పటం కట్టించి మధ్య ఇంట్లో పెట్టాం. సమ్మమ్మ ఏడ్చింది. భోజనానికి వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి నిలబడి పోయారు.

యాదగిరికి నా దీవెనలు చెప్పు. ఒక జంపఖానా నేయించి పంపుతాను.

నీ ఆపరేషన్ సంగతి రాయి. లింగమ్మ, అల్లుడు షోలాపూర్ నుంచి వచ్చి నీ దగ్గర ఉంటామన్నారు. కాదనకు.

నాకు ఒంట్లో బాగానే ఉంది. ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు.

అనసూర్య

*

దాదర్
10-12-1984

అక్కా,

ఇది నా కుడి కంటితో రాస్తున్న మొదటి ఉత్తరం. అద్దాలు సోడా సీసా అడుగంత మందం. మెట్లు దిగుతుంటే మెట్టు ఎక్కడుందో తెలియక తడుముకుంటున్న. అయినా ఏం చూశాను అక్కా!

కట్టు విప్పిన రోజు కిటికీలో ఒక చీర ఆరేసి ఉంది. అది నీలి. ఇన్నాళ్ళూ లోకంలో నీలి ఉన్నదన్న సంగతే మరిచిపోయిన. నర్సు తెల్ల చీర అంచుల్లో నీలి, పావురాల మెడల మీద నీలి. సముద్రం దగ్గరికి తీసుకపొమ్మని అల్లుణ్ణి సతాయించిన. అక్కడ గంటసేపు కూర్చొని, ఒక కన్ను మూస్తే చాయ్ నీళ్ళ సముద్రం, ఇంకో కన్ను మూస్తే నీ గంగాళం లాంటి సముద్రం. అటు చూసి ఇటు చూసి పిచ్చివాడిలా నవ్విన. లింగమ్మ భయపడ్డది.

యజమాని మళ్ళీ రమ్మన్నాడు. కుర్చీ యాదగిరిదే, నేనే వద్దన్న. కొత్త కన్ను నీలికి మొగ్గుతున్నదని నాకే తెలుస్తున్నది. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం. రోజూ పొద్దున నీ నూలు తీసి, దాన్ని బట్టే మాట్లాడుకుంటాం. ఇప్పుడు నాకు కొట్లాట లేదు.

కానీ ఒక మాట ఉంది, అది అడగడానికే రాస్తున్న.

యాదగిరి బావ ఫొటో ఒక ప్రతి ఉంచాడు. నిన్న పగటి వెలుతురులో, నూలు పక్కన పెట్టుకొని చూసిన. ధోవతి తెల్లగా ఉంది. కండువా తెల్లగా ఉంది. బావ కండ్లలో తెలుపు మాత్రం తెల్లగా లేదు. పచ్చగా ఉంది. నెగెటివ్ తీసి భూతద్దం కింద మళ్ళీ చూసిన. నిజమే. అది కార్తీకం అక్కా. కామెర్లని డాక్టర్ చెప్పింది వైశాఖంలో. ఆరు నెలల ముందే బావ కండ్లు పచ్చబడి ఉన్నాయి, నా నెగెటివ్‌లో ఉన్నాయి. నేను ఆ చిన్న ప్రింట్లు చేసేటప్పుడు పసుపు ఎక్కువుందని గాజు మీద గాజు పెట్టి తీసేసిన. బావను దొరను చేసిన. ఉన్నదున్నట్టు పంపి ఉంటే నువ్వు చూసేదానివి, ఆరు నెలల ముందే దవాఖానకు పోయేవాళ్ళు.

ఇది నీకు ఆషాఢంలోనే తెలిసింది కదా? అందుకే ఆ ఉత్తరం అంత చిన్నగా రాశావు. నాకు చెప్పలేదు.

ఒకటి చేయగలను. కండ్ల వరకే పచ్చ తగ్గించి ఇంకో ప్రింటు తీయిస్తా. చూసినప్పుడల్లా నీకు అది కనబడొద్దు. ఒక్క మాట రాయి.

నన్ను తిట్టినా సరే, రాయి.

వెంకటరాజం

*

కొత్తవాడ
28-12-1984

తమ్మీ,

అవును, తెలిసింది. యాదగిరి చేసిన ఫొటో విప్పిన క్షణానే తెలిసింది. నీ కన్ను బాగుపడేదాకా చెప్పొద్దనుకున్నా. ఆ తర్వాత కూడా చెప్పకపోదును. నువ్వే చూశావు.

నువ్వు రాసిందంతా నిజమే, కానీ సగమే. నీ ప్రింటు చూసి నేను తెలుసుకునేదాన్నంటున్నావు. ఎందుకు? మనిషి నా ఎదురుగా ఉన్నాడు కదా. పొద్దున లేస్తే ఆయన ముఖమే చూసేదాన్ని. నీ ఫొటో బొంబాయి నుంచి రావాలా నాకు?

ఆ కార్తీకంలో మేం ఏం పని చేస్తున్నామో నీకు తెలియదు. షోలాపూర్ వ్యాపారికి పసుపు పచ్చ నూలు వేస్తున్నాం, రెండు నెలల పని. ఇల్లంతా పచ్చ. నీళ్ళ తొట్టి పచ్చ, పిల్లి తోక పచ్చ. ఆయన మెడ, చెవులు, గోళ్ళు పచ్చ. వీపు రుద్దుతూ నేనే నవ్వేదాన్ని. "గీ పచ్చ దీపావళికి అంటింది, ఉగాదికి సుత పోదు" అనేదాన్ని. ఉగాది వచ్చింది, పోలేదు. అప్పటికి మేం ఎరుపు వేస్తున్నాం. అయినా నాకు అనుమానం రాలేదు. ఆయన మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది, పెండ్లయిన నాటి నుంచీ అంతే. రంగు లేకుండా ఆయన్ను నేను చూసిందే లేదు.

ఒక పసుపుకూ ఇంకో పసుపుకూ వెంట్రుకవాసి తేడా ఉంటే నూలు తిప్పి పంపే మనిషిని నేను. చర్మానికి రంగు అంటుకుంటుంది, కంటి గుడ్డుకు అంటుకోదు. ఇది పనికొచ్చిన కొత్త మనిషికి కూడా తెలుసు. నాకు తెలియదా? నా కంట్లో ఏ పొరా లేదు. మోతిబిందు లేదు. అయినా చూడలేదు. నీకు డాక్టర్ ఉన్నాడు, పొర కోసి తీసేశాడు. నాదేం తీస్తారు?

సంవత్సరీకం నుంచి దీన్నే మోస్తున్నా. ఎవరితోనూ అనలేదు. నీ ఉత్తరం చదివినాక, ఇది మోసేది నేను ఒక్కదాన్నే కాదని కొంచెం బరువు దిగింది. నువ్వు కూడా నీది దించుకో.

ఇంకో ప్రింటు వద్దు. కండ్లు అట్లనే ఉండనీ. రోజూ దీపం పెట్టి ఆ కండ్లలోకే చూస్తున్నా. ఆయన బతికుండగా చూడవలసినంత చూడలేదు.

నీకు ఇప్పుడు కన్ను వచ్చింది. ఫాల్గుణంలో రైలెక్కి రా. లింగమ్మ షోలాపూర్‌లో ఉంటుంది, సమ్మమ్మ పండుగకో పబ్బానికో వస్తుంది, పనోళ్ళు నూలునే చూస్తారు. ఈ ఇంట్లో నా ముఖం చూసేవాళ్ళు ఎవరూ లేరు. పగటిపూట వాకిట్లో కూర్చుంటా, ఆ మందం అద్దాలు పెట్టుకొని నన్ను ఒకసారి సరిగ్గా చూసి పో.

అక్క
అనసూర్య